ఆరో పాటలో ఆ చప్పుడు

టొలీడోలో ఫిబ్రవరి.
కొట్టు అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది.
కౌంటర్ మీద నలభై క్యాసెట్లు,
అట్టమీద కార్నెల్ వీట్లీ పళ్ళ ఎక్స్‌రే.
ఆల్బమ్ పేరు 'నన్ను నోరు తెరవమన్నది డెంటిస్టొక్కడే'.
ఎనిమిది డాలర్లు. బేరమాడితే ఏడు.
కార్నెల్‌కి బాకీ ఉన్నవాళ్ళకి తొమ్మిది.

మొదట వచ్చింది
ఇరవై రెండో నంబరు బస్సు నడిపే ఇజోరా.
"మూడో పాట దగ్గర ఎర్రలైటు పడింది.
అద్దం ముందు తనని తనే ఇంటర్వ్యూ చేసుకుని
'మేమే కబురు చేస్తాంలెండి' అని పంపించేస్తాడే, అక్కడ.
నవ్వాను. పచ్చలైటు పడింది, పోయింది, మళ్ళీ పడింది.
వెనకాల హారన్లు.
అంతలా ఎందుకు నవ్వానో ఆదివారం దాకా తెలియలేదు.
ఆదివారం గిన్నెలు తోముతుంటే తెలిసింది.
ఆ తర్వాతి సంగతి నీకెందుకులే."

రాస్కో పెదవి విరిచాడు.
తొంభైల్లో ఈ ఊళ్ళో మైకు పట్టిన ప్రతివాడూ
తన గరాజ్‌లోంచే బయటికొచ్చాడని అతని లెక్క.
"ఇది ర్యాపా?
అప్పులవాడికి తలుపు సందులోంచి చెప్పే జవాబు.
బీటొకచోట, వీడొకచోట,
విడాకులయ్యాక కూడా ఒకే ఇంట్లో ఉంటున్నట్టు.
మా రోజుల్లో గొంతు విప్పితే కిటికీలు అదిరేవి.
వీడి గొంతు వింటే లేచి కిటికీ మూస్తాం,
పాపం, చలి పెడుతుందేమోనని."
అనేసి, ఆగి,
తన మాట తనకే మెచ్చుకోలులా వినపడి
టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకుంటూ
కార్నెల్ బావ, లూథర్:
"ఐదో పాటలో గురకపెట్టే మనిషిని నేను కాదు."
నువ్వని ఎవరన్నారు అన్నాను.
"సోఫా రంగు సరిగ్గా చెప్పాడు."
రెండు కొన్నాడు. ఒకటి సాక్ష్యానికట.

యూనివర్సిటీ కుర్రాడొకడు ఇరవై నిమిషాలు నిలబడి
హాస్యం కవచమనీ
కవచానికి చిల్లులుండటమే కళ అనీ
చేతులతో చిల్లులు చూపించాడు.
కొనలేదు.
చెప్పింది తప్పు కూడా కాదు. అదే నా కోపం.

ఒకావిడ వారంలో రెండోసారి వచ్చింది.
బాగుందా అంటే తల ఊపలేదు, తిప్పలేదు.
"కారు ఈడ్చుకుపోయారు. క్యాసెట్ అందులో ఉంది.
కారు తర్వాత చూసుకుంటాను."
చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది, నాణేలతో సహా.

నవ్వు నాలుగు విధాల చేటంటారు.
ఐదోది నేను చూశాను.
అర్ధరాత్రి మా వంటింట్లో, తలమీదుగా దుప్పటి కప్పుకుని,
వాళ్ళ నాన్న టోపీ తనకి సరిపోలేదని జోకు చెబుతూ చెబుతూ
రెండో చరణం మధ్యలో కార్నెల్ ఆగిపోయాడు.
నేను రికార్డింగు ఆపలేదు.
పదకొండు సెకన్లు.
తీసెయ్యమన్నాడు మర్నాడు. తీశానని చెప్పాను.

అవును, బీట్లన్నీ నావే.
కొట్లో ఎవరికీ తెలియదు.
లోపలి అట్టమీద చీమతలంత అక్షరాల్లో నా పేరుంది,
మడత సరిగ్గా దానిమీదే పడింది.

శనివారం మూసేవేళ
పదమూడేళ్ళ పిల్ల, తడిసిన బూట్లు, ఒక చెవిలో ఇయర్‌ఫోను.
"ఆరో పాటలో అతను ఆగినప్పుడు
ఒక చప్పుడొస్తుంది, గుర్‌ర్‌మని. అదేంటి?"

ఎవరూ అడగని ప్రశ్నకి
ఇన్నాళ్ళూ ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో!
అన్నీ మరిచిపోయి, "మా ఫ్రిజ్" అన్నాను.

కాసేపు ఆలోచించింది.
"అతను మళ్ళీ మొదలుపెట్టేదాకా
అదే పాటని పట్టుకుని నిలబడింది కదా" అంది.
ఏడు డాలర్లే ఉన్నాయంది. చాలన్నాను.

కార్నెల్‌కి ఈ మాట చెప్పలేదు.
చెబితే పదకొండు సెకన్లకి తగువు పెట్టుకుని,
ఆనక ఫ్రిజ్‌కీ వాటా ఇద్దామంటాడు.
పోయిన నెలే చచ్చిపోయిందది.
పాలు ఇంకా కిటికీ అవతలే పెడుతున్నాం.